చిలకపచ్చ అంచు, పంటినొప్పి బెంచీ

ఆ రోజుల్లో మా ఇంట్లో మెడకు దిగువా మోకాలికి ఎగువా ఉన్నదంతా కడుపే. తలనొప్పికి తల ఉండేది, కాలినొప్పికి కాలు ఉండేది, మధ్యలో ఏం జరిగినా దానికి కడుపునొప్పి అన్న పేరొక్కటే ఉండేది. నెలనెలా వచ్చే బాధ కడుపునొప్పి. పక్కింటి ఆవిడ పురిటికి వెళ్తే కడుపునొప్పి. నచ్చని పెళ్లిచూపులకు రానని ఎవరైనా మొండికేస్తే అదీ కడుపునొప్పే. సృష్టించినవాడు ఇన్ని అవయవాలను ఇంత శ్రద్ధగా అమర్చి ఇస్తే, మేమేమో అన్నిటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టేశాం. (ఆయన సహనానికి రోజూ కృతజ్ఞత చెప్పుకునే విషయాల్లో నాకు ఇదీ ఒకటి.)

విశాఖపట్నం పాతబస్తీలో, పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో ఉండేది మా ఇల్లు. ముందు గది అబ్బాజాన్ కుట్టు దుకాణం, వెనక గదుల్లో అమ్మీ, దాదీ, నేను. అబ్బాజాన్ బురఖాలు కుట్టేవారు. చిన్నప్పుడు విడవకుండా జ్వరాలు వచ్చి నేను బడి మానేస్తే, ఆయన తల్లి అయిన మా దాదీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖురాన్ చదివించింది. లెక్కలు అబ్బాజాన్ టేపు మీద నేర్పారు. తెలుగు మాత్రం, కొలతల కోసం కత్తిరించి పెట్టుకున్న పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. అందుకే ఆ వయసులో నాకు తెలిసిన దేశ వార్తలన్నీ చంక దగ్గర ఆగిపోయేవి. అయినా వాళ్లందరి దయవల్ల ఇంటినుంచే పరీక్ష కట్టి పదో తరగతి గట్టెక్కాను.

ఇక్కడ మా సందు పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్లికి వెళ్తే ఆడవాళ్లు బురఖాలు తీసి ఒక గదిలో మంచం మీద గుట్టగా పడేస్తారు. అన్నీ నలుపే, అన్నీ ఒకే తానులోవే, పైగా అన్నీ అబ్బాజాన్ చేతి కుట్టే. ఒక పెళ్లిలో ఒక పెద్దావిడ ఇంకెవరిదో వేసుకుని వెళ్లిపోయింది. ఇంటికెళ్లి జేబులో చెయ్యి పెడితే సగం తిన్న కోవాబిళ్లా, ఎవరివో తాళాలూ తగిలాయట. ఆ తాళాలావిడ సాయంత్రం దాకా తన గుమ్మం మీదే కూర్చుని పెళ్లివాళ్లను, వరుణ్ణి, చివరికి మా అబ్బాజాన్‌ను కూడా తిట్టింది. అది ఆయనకు తన పనికి జరిగిన అవమానంగా తోచింది. అప్పటినుంచి ఇంటికో రంగు పెట్టారు. కుడిచేతి అంచు లోపలి వైపు సన్నని రంగుపట్టీ, పైపింగు. చెయ్యి దించి ఉంటే కనబడదు, పైకెత్తితేనే కనబడుతుంది. గాజుల దుకాణం వాళ్లది పసుపు, అత్తరు దుకాణం వాళ్లది గులాబి, మాది చిలకపచ్చ. ఆ పైపింగులు వేసే పని నాది కాబట్టి ఏ రంగు ఏ ఇంటిదో నాకు నిద్రలో అడిగినా తెలుసు.

నాకు పంతొమ్మిదేళ్లు నిండాక నెలసరి దారి తప్పింది. రావడం వచ్చేది, పోవడం మరిచిపోయేది. మా పద్ధతిలో ఆ రోజుల్లో నమాజూ ఉపవాసమూ ఉండవు. మామూలుగా అది కొద్దిరోజుల సెలవు, నాకేమో నెల పొడుగునా సెలవే. ఆ ఏటి రంజాన్‌లో ఉపవాసాలు దాదాపు అన్నీ పోయాయి. ఇల్లంతా ఇఫ్తార్ వేళ కోసం ఎదురుచూస్తుంటే నేను వంటింట్లో సమోసాలు వేయిస్తూ, ఆ పొగే కళ్లలో పడిందని చెప్పుకుంటూ ఏడ్చాను. మడిచి పెట్టిన నా నమాజు చాప, జానిమాజ్ వైపు చూసి దాదీ, "ఇంకా కడుపునొప్పేనా?" అని అడిగేది. "ఇంకా" అనేదాన్ని. ఒంట్లో వేడి చేసిందని అమ్మీ సబ్జా గింజలు పోసింది, మెంతినీళ్లు పోసింది, బార్లీ పోసింది. నేను మా వీధి చివరి పచారీ కొట్టులాగా వాసన వేశాను తప్ప గుణం కనబడలేదు. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనబడేవి. మళ్లీ రంజాన్ దగ్గర పడుతోంది. ఈసారి మాత్రం నా ఉపవాసాలు నేను వదులుకోను అని పట్టుబట్టాను. ఎలా అన్నది మాత్రం తెలియదు. పెళ్లికాని పిల్ల ఆడవాళ్ల డాక్టరు గుమ్మం ఎక్కిందంటే మిగతా కథంతా సందే అల్లుకుంటుంది, దానికి మన సాయం అక్కర్లేదు.

అప్పుడు నన్ను ఆదుకున్నది కంచరపాలెం. అంటే ఊరు కాదు, మనిషి. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి కంచరపాలెం రైలుపట్టాల పక్కన కాపురం పెట్టిన వాళ్ల అమ్మాయి, అబ్బాజాన్ దగ్గర కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చేది. మేమంతా ఆమెను ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. ఒకరోజు కాజాలు కుడుతూ నా మొహంలోకి చూసింది.

"ఏటే, మొకం అలా పాలిపోనాది? అన్నం తింతన్నావా లేదా?"

"కడుపునొప్పి."

"ఏ కడుపునొప్పి?"

అప్పటిదాకా నన్ను ఆ రెండో ప్రశ్న అడిగినవాళ్లు లేరు. మిషను చప్పుడు మాటున, తల ఎత్తకుండా, అంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు, జాలీ పడలేదు. దారం పళ్లతో కొరికి తెంపి, "పెద్దాసుపత్రిలో మన ఈడోళ్ల కోసం ఏరేగా ఒక గది ఉంది. ఆడపిల్లలూ ఎల్తారు, కుర్రాళ్లూ ఎల్తారు. పెళ్లయిందా, ఎవరితో వచ్చావని గుమ్మంలోనే నిలదీయరు. తలుపేసి మాటాడతారు. మనం సెప్పింది బయటికి పోదు. నాను ఎల్లాను" అంది.

"నువ్వెందుకు వెళ్లావ్?"

"అదిగో! సూసేవా? పైకి సిన్నపిల్లలా ఉంటావు గానీ లోపల నువ్వూ ఈ సందులోని ముసల్దానివే!"

సిగ్గుపడి మిషను మీదకి వంగాను. (ఎందుకు వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగకుండా ఉండటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.)

ఇక నా వేషం సంగతి. ముఖం మీద నఖాబ్ ఉంటుంది కాబట్టి ఎవరూ గుర్తుపట్టరన్న ధైర్యం ఒకటి ఉంది. అయినా నేను దర్జీ కూతుర్ని, పని సగం చెయ్యను. నా చెప్పులు తెలుస్తాయని దాదీ చెప్పులు వేసుకున్నాను. నా సంచీ తెలుస్తుందని కంచరపాలెం సంచీ అడిగి తీసుకున్నాను. నడక తెలుస్తుందని ఒకవైపు ఒరిగి నడవడం పెరట్లో సాధన చేశాను. గొంతు తెలుస్తుందని బొంగురుగా మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. అమ్మీతో, "పూర్ణా మార్కెట్‌కి వెళ్లి పైపింగు దారం తెస్తాను" అన్నాను. "మంచిది, నేనూ మా అక్క ఇంటికి వెళ్లొస్తాను" అని అమ్మీ చటుక్కున అనేసింది. వద్దంటుందేమోనని భయపడిన నాకు ఆ తొందర ఎందుకో తట్టలేదు.

ఆసుపత్రి గేటు దాకా కంచరపాలెం వచ్చింది. "నాను లోపలికి రానే. నా గొంతు ఇంటే మత్తిచ్చినోళ్లు కూడా లేసి కూసుంటారు. ఈ బజ్జీల బండి కాడ ఉంటాను. బయపడకు, ఆళ్లు మనుసుల్ని తినేయరు" అని తోసింది. బిస్మిల్లాహ్ అనుకుని ఒకవైపు ఒరుగుతూ లోపలికి నడిచాను.

ఆ గది పళ్ల డాక్టరు గది పక్కనే ఉంది. రెండింటికీ కలిపి బయట పొడుగాటి బెంచీలు. కట్టినవాళ్లు కావాలని చేశారో లేదో గానీ ఎంత మేలు చేశారో! అక్కడ కూర్చున్న ప్రతి మనిషీ దవడకు చెయ్యి ఆనించుకునే ఉన్నారు. కాలేజీ కుర్రాడొకడు రెండు చేతులతో రెండు దవడలూ పట్టుకున్నాడు. నిజంగా ఎవరికి పన్ను నొప్పో ఆ పైవాడికే తెలియాలి. నేనూ ఖాళీ చూసుకుని కూర్చుని దవడ పట్టుకున్నాను.

నా పక్కన చేపలరేవు నుంచి వచ్చిన ఒక మామ్మ. ఆమెది మాత్రం అచ్చమైన పంటినొప్పి, బుగ్గ బూరెలా పొంగి ఉంది. "ఏ పన్నమ్మా నీది? పైదా, కిందదా?" అని పలకరించింది. పళ్లకు పేర్లుంటాయని నేను ఊహించలేదు. కంగారులో, బొంగురు గొంతుతో, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలవాటైన జవాబే వచ్చేసింది.

"కడుపు."

"ఏటీ?"

"కడుపులో."

మామ్మ తన నొప్పి మరిచిపోయి నా వైపు తిరిగింది. "ఓలమ్మో, ఎప్పుడు మింగేసినావే తల్లీ?" అని, ఆగకుండా బెంచీ అంతటికీ వినబడేలా, "సూడండర్రా, పాపం ఈ పిల్ల పన్ను మింగేసిందంట! ముందు దీన్ని పంపండి!" అని కేకేసింది.

అందరూ చూశారు. అప్పుడే నేనూ చూశాను. ఎదురు బెంచీ మీద మూడు బురఖాలున్నాయి. మూడూ దవడ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాయి. చెయ్యి పైకెత్తడంతో అంచు మడతపడి లోపలి పైపింగు బయటపడింది. మొదటిది పసుపు. అంటే గాజుల దుకాణం వాళ్ల కొత్తకోడలు. రెండోది గులాబి. అత్తరు దుకాణం వాళ్ల అమ్మాయి. నా గుండె దాదీ చెప్పుల్లోకి జారింది. ఆ వెంటనే నా చెయ్యి కూడా పైకే ఉందనీ, నా అంచు కూడా మడతపడే ఉందనీ గుర్తొచ్చింది. కాళ్ల నుంచి గొంతు దాకా అన్నీ మార్చిన దర్జీ కూతురు, తన చేత్తో కుట్టిన గుర్తును మాత్రం మరిచిపోయింది. ఇక మూడో బురఖా వైపు చూశాను. చిలకపచ్చ. దాదీది పాతకాలపు చాదర్ కాబట్టి, ఆ రంగు ఊరు మొత్తంలో రెండు బురఖాలకే ఉంది. ఒకటి నా మీద ఉంది.

మూడో బురఖా లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరం ఎదురుగా గోడ మీద పళ్లు ఎలా తోముకోవాలో చూపించే బొమ్మను శ్రద్ధగా చదివాం. (మా ఇంటి మాట ఉర్దూ, మీకోసం తెలుగులో చెబుతున్నాను.)

"పూర్ణా మార్కెట్ దారం ఇక్కడ అమ్ముతున్నారా?" అంది అమ్మీ, బొమ్మ మీదనుంచి చూపు తిప్పకుండా.

"పెద్దమ్మ ఇల్లు ఇక్కడికి మార్చారా?" అన్నాను.

"దాదీ చెప్పులెందుకు వేసుకున్నావ్? పొద్దుటినుంచి వెతుకుతోంది."

చెప్పులు బురఖా కిందికి లాక్కున్నాను. పసుపు అంచూ గులాబి అంచూ ఎటో చూస్తున్నట్టు నటిస్తున్నాయి. "వాళ్లు చూశారు. పద ఇంటికి పోదాం, బేటీ" అని నా మోచేయి పట్టుకుని లేచింది. అప్పుడు నాలో ఎక్కడినుంచి వచ్చిందో ఆ మొండితనం, నేను బెంచీని రెండో చేత్తో పట్టుకున్నాను.

"రాను. చూసినవాళ్లను చూడనీ. అమ్మీ, నాకు ఈ రంజాన్ కావాలి. నా నమాజు నాకు కావాలి. అది తీసుకునే ఇంటికొస్తాను."

బొంగురు గొంతు పెట్టడం మరిచిపోయాను. నా సొంత గొంతే వచ్చింది. అమ్మీ నా మోచేయి వదిలింది. తర్వాత నెమ్మదిగా కూర్చుని, "నేనూ దానికోసమే వచ్చాను. నిన్ను ఎలా తీసుకురావాలో అడుగుదామని" అంది. మామ్మ మా ఇద్దరినీ చూసి, "మీ అమ్మేటే? అమ్మ వచ్చేసింది కదా, ఇంకేటి బయం? ఆ పన్ను అదే వచ్చేత్తాది" అని నా వీపు నిమిరింది. ఆ చేపల వాసన చెయ్యి చల్లగా ఉండాలని నేను ఇప్పటికీ దుఆ చేస్తాను.

లోపల సలహాలు చెప్పే కళ్లద్దాల మేడం ఒకావిడ తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. "ఎవరికమ్మా ఇబ్బంది?" అన్నారు. నేను అమ్మీని చూపించాను, అమ్మీ నన్ను చూపించింది. ఆవిడ నవ్వలేదు. ముందు నన్ను అడిగారు, నాతో ఒంటరిగా మాట్లాడాలా, అమ్మ ఉండవచ్చా అని. నా గురించి నన్నే అడగటం నాకు కొత్త. ఉండనివ్వండి అన్నాను. అన్నీ విని, బల్ల సొరుగులోంచి గుడ్డతో చేసిన బొమ్మ ఒకటి తీశారు. గులాబిరంగు సంచీ, దానికి చెరోవైపు ఒక గొట్టం, వాటి చివర చిన్న ఉండలు. ఇది గర్భసంచి, ఇవి అండనాళాలు, ఈ చివర్లవి అండాశయాలు, నెలసరి ఇందుకు వస్తుంది, ఇలా వస్తే మామూలు, ఇలా వస్తే జబ్బు అని ఒక్కోదాన్నీ పేరుపెట్టి చెప్పారు. ఇన్నాళ్లూ కడుపు అన్న ఒక్క సంచిలో కట్టిపడేసినవన్నీ నా కళ్లముందే ఒక్కొక్కటిగా బయటికొచ్చి తమ పేర్లు చెప్పుకున్నాయి. నాకు కళ్లు చెమర్చాయి. అమ్మీ మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకుని, తిరగేసి, కుట్టు లాగి చూసింది.

"ఇది ఎవరు కుట్టారు మేడం?"

"ఎందుకమ్మా?"

"లోపలి కుట్టు వదిలేశారు. రెండు గొట్టాలూ ఒక కొలతలో లేవు. ఒక బిడ్డను మోయాల్సింది ఇది. ఇంత నాసిరకంగా కుడతారా?"

అప్పుడు నవ్వారు మేడం. అమ్మీ బొమ్మను ఒళ్లో పెట్టుకునే అడిగింది, "నన్ను కన్నవాళ్లు నాకేమీ చెప్పలేదు మేడం. పెళ్లి రోజు దాకా నాకేమీ తెలియదు. రేపు దీనికి పెళ్లవుతుంది. నేనేం చెప్పాలి? ఏ మాటలతో చెప్పాలి?" నేను అమ్మీ మొహం వైపు చూడలేకపోయాను. మేడం తొందరపడకుండా చెప్పారు. ఒంటి గురించి, శుభ్రత గురించి, ఎలాంటి జబ్బులు ఎలా అంటుకుంటాయో, వాటినుంచి కాపాడుకునే దారులేమిటో, పిల్లలు ఎప్పుడు కావాలన్నది ఇద్దరూ కూర్చుని అనుకోవాల్సిన మాట అనీ, పెళ్లయినా ఆడపిల్ల ఇష్టం ఆడపిల్లదే అనీ. మగపిల్లలకూ ఇవే చెబుతామన్నారు. అమ్మీ ప్రతి మాటకూ తల ఊపుతూ, ఒక్కోసారి "మళ్లీ చెప్పండి" అంటూ, నాకంటే బుద్ధిగా నేర్చుకుంది.

తర్వాత లోపలి గదిలో డాక్టరమ్మ చూసి రక్తం పరీక్ష రాశారు. వారం తిరిగేసరికి ఫలితం చూసి థైరాయిడ్ అన్నారు, రక్తం బాగా తగ్గిందన్నారు, మాత్రలిచ్చారు. ఆ రోజు బయటికొస్తుంటే పసుపు అంచు లోపలికి వెళ్తోంది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగాం. ఆమె దవడ మీదనుంచి చెయ్యి దించేసింది.

దాదీకి ఆ సాయంత్రమే చెప్పాం, ఎలాగూ చెప్పుల గురించి సంజాయిషీ ఇవ్వాలి కాబట్టి. అంతా విని దాదీ నా మీద కోప్పడింది. "మామూలు రోజులు దాటాక వచ్చేది జబ్బు లెక్క. స్నానం చేసి నమాజు చేసుకోవచ్చు. ఇన్ని నెలలు ఎందుకు మానేశావ్? నన్నెందుకు అడగలేదు?"

"కడుపునొప్పి అంటే మీరు ఇంకేమీ అడగలేదు కదా దాదీ."

దాదీ తస్బీ పూసలు తిప్పడం ఆపేసింది. "ధర్మం అడగడానికి సిగ్గుపడకూడదని నీకు నేర్పలేదా?" అంది. "లేదు దాదీ." "అయితే నేనే సిగ్గుపడ్డానేమో" అని, లేచి, మడత పెట్టిన నా జానిమాజ్ తనే పరిచింది.

ఆ రంజాన్‌లో, ఆ పరమదయాళువు దయవల్ల, మామూలు రోజులవి తప్ప ఒక్క ఉపవాసం పోలేదు. సమోసాల పొగకు కళ్లు మండాయి గానీ నీళ్లు రాలేదు.

తర్వాత అబ్బాజాన్‌కు ఒక వింత కాలం వచ్చింది. గాజుల దుకాణం వాళ్లు వచ్చి పసుపు పైపింగు తీసి నలుపు వెయ్యమన్నారు. మర్నాడు అత్తరు వాళ్లు. ఆ తర్వాత నేను బెంచీ మీద చూడనివాళ్లు కూడా ఒక్కొక్కరే! (వాళ్లూ ఆ బెంచీకి వెళ్తున్నారని నాకు చాలా ఆలస్యంగా అర్థమై ఎంతో సంతోషం కలిగించింది.) "ఏమైంది ఈ సందుకి? మళ్లీ పెళ్లిలో కలిసిపోతాయి కదా!" అని ఆయన తల పట్టుకున్నారు. నల్ల పైపింగులు వేస్తూ నేనూ కంచరపాలెం నవ్వు ఆపుకోలేక దారాలు తెంపుకున్నాం. మాదీ మార్చమంటావా అని అబ్బాజాన్ అడిగితే, వద్దన్నాను. అమ్మీ కూడా వద్దంది.

అమ్మీ ఊరుకోలేదు. మంచి గుడ్డ తెచ్చి, కొలతలు నాచేత గీయించి, అబ్బాజాన్ ముందు పెట్టింది. "ఏమిటిది? చాయ్ కెటిల్ తొడుగా?" అన్నారు ఆయన. "ఆసుపత్రికి. జాగ్రత్తగా కుట్టండి. మీరు పుట్టిందీ ఇందులోంచే" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట అడగకుండా రెండుసార్లు కుట్టు వేసి, అంచుకి తనంతట తనే చిలకపచ్చ పైపింగు పెట్టారు.

ఆ బొమ్మ ఇప్పటికీ ఆ సొరుగులో ఉంది. నేనిప్పుడు మా వరండాలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతాను. నెలకోసారి మేడం బొమ్మతో వస్తారు, పిల్లలు పేర్లన్నీ గడగడా చెప్పేస్తారు. నా కూతురు మొన్న కడుపునొప్పి అంటే, "ఏ కడుపునొప్పి?" అని దాదీ వయసుకొచ్చిన మా అమ్మీయే ముందు అడిగింది.

అప్పుడప్పుడు ఏ పిల్లకైనా తోడుగా ఆ ఆసుపత్రికి వెళ్తుంటాను. బెంచీ అదే. నిజంగా పన్ను నొప్పి లేని ఏ పిల్లో దవడ పట్టుకుని, భయంగా, ఒకవైపు ఒరిగి కూర్చుని కనబడుతుంది. నాకు ఒకప్పుడు దాదీ చెప్పులు వేసుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నఖాబ్ చాటున నవ్వుకుంటాను. పలకరిస్తే బెదిరిపోతుందని ఊరుకుంటాను. దవడకు చెయ్యి ఆనించుకుని, అంచు కాస్త మడతపడనిస్తాను, చిలకపచ్చ కనబడేలా.